దూరాన్ని వేగంతో భాగిస్తే సరిపోదా?

ప్రశ్న: సింగపూర్ నుంచి న్యూయార్క్‌కు విమాన దూరం సుమారు 15,350 కిలోమీటర్లని చదివాను. గంటకు 900 కిలోమీటర్ల చొప్పున 17 గంటల్లో చేరాలి. టికెట్టులో మాత్రం 18 గంటల 40 నిమిషాలని ఉంది. పైగా బయలుదేరే వేళకూ దిగే వేళకూ మధ్య ఆరు గంటల తేడా కూడా కనిపించడం లేదు. ఏది నమ్మాలి?

జవాబు: మూడూ నమ్మవచ్చు; అవి మూడు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి.

మీరు చదివిన దూరం, భూగోళం మీద ఆ రెండు విమానాశ్రయాలను కలిపే అతి దగ్గరి దారిది. సింగపూర్ సుమారు 104 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, న్యూయార్క్ సుమారు 74 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నాయి. రెండూ కలిపితే 178 డిగ్రీలు, అంటే ఇంచుమించు భూమికి చెరో పక్క అన్నమాట, కనుక ఆ దారి ఉత్తర ధ్రువానికి అతి చేరువగా పోతుంది. గోడకు తగిలించిన పటంలో ఇది ఎంత చూసినా బోధపడదు. గ్లోబు మీద ఒక దారం బిగించి చూడండి, వెంటనే తెలుస్తుంది.

అయితే విమానం ఆ దారినే పోవాలన్న నియమం లేదు. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ గాలుల వేగం ఒక్కోసారి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. ఆ గాలి వెనక నుంచి తోడుగా ఉంటుందనే, న్యూయార్క్ వెళ్ళే విమానం తరచుగా దూరం పెరిగినా సరే పసిఫిక్ మీదుగా సాగుతుంది. 900 కిలోమీటర్లన్నది చుట్టూ ఉన్న గాలితో పోల్చిన వేగమే గాని నేలతో పోల్చినది కాదు. లండన్, న్యూయార్క్‌ల మధ్య దూరం రెండు వైపులా 5,540 కిలోమీటర్లే అయినా, లండన్ వైపు సుమారు 7 గంటలు, న్యూయార్క్ వైపు సుమారు 8 గంటలు పట్టడం అందువల్లనే. 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలుల అండతో ఒక బోయింగ్ 747 అయిదు గంటలలోపే లండన్ చేరింది. గాలులే కాక రాజకీయాలూ దారి మళ్ళిస్తాయి: 2022లో రష్యా గగనతలం మూసుకుపోవడంతో, దాదాపు 9 గంటలు పట్టే హెల్సింకి–టోక్యో ప్రయాణం 13 గంటలకు పెరిగింది.

టికెట్టులోని వ్యవధి గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా లెక్కించినది. రన్‌వే వరకూ నెమ్మదిగా సాగే సమయం, పైకెక్కడం, కిందికి దిగడం అన్నీ అందులోనే ఉంటాయి. ఉజ్జాయింపుగా కావాలంటే దూరాన్ని 900తో కాక 850తో భాగించి, అరగంట కలపండి; మీ ప్రయాణానికి 18 గంటల 30 నిమిషాలు దాటుతుంది.

ఇక గడియారం సంగతి. టికెట్టు మీద వేసేది ఏ ఊరి సమయం ఆ ఊరిదే. శీతాకాలంలో న్యూయార్క్ సింగపూర్ కంటే 13 గంటలు వెనక ఉంటుంది, వేసవిలో 12. శీతాకాలంలో అర్ధరాత్రి 12కు బయలుదేరితే, దిగేసరికి సింగపూర్‌లో సాయంత్రం 6.40, న్యూయార్క్‌లో అదే రోజు తెల్లవారుజామున 5.40. తిరుగు ప్రయాణంలో ఇది తలకిందులవుతుంది: ఉదయం 10కి బయలుదేరి అంతే సేపు ప్రయాణించినా, సింగపూర్‌లో దిగేది మర్నాడు సాయంత్రం 5.40కి. అందువల్ల మధ్యలో వేరే విమానం ఎక్కవలసి ఉంటే, రెండు వేళలనూ ఒకే ఊరి సమయంలోకి మార్చుకున్నాకే వ్యవధి లెక్కకట్టండి.