గోడ మీద తారు రాతలు

పర్లాకిమిడి

చిరంజీవి బాబుకు దొడ్డమ్మ దీవెనలు.

గుణుపురం దగ్గర మీ ప్రార్థన మందిరం గోడ మీద రాత్రికి రాత్రి తారుతో బూతులు రాసేశారని, కుర్రాళ్ళు కోపంతో ఊగిపోతున్నారని చెప్పావు. ఫోన్లో నాకు మాట పెగల్లేదు. అందుకే కాయితం తీశాను.

ముందు ఆ గోడని ఫొటో తీసి, తేదీ, వేళ ఒక పుస్తకంలో రాసుకో. ఆ ఫొటో వాట్సాప్‌లో ఎవరికీ పంపకు. సాయంత్రానికి అది ఏ ఊరు చేరుతుందో, దాని కింద ఏ మాటలు తోడవుతాయో నీ చేతిలో ఉండదు.

ఆ తర్వాత కూర్చుని, ఈ కోపం దేని మీదో ఆలోచించు. నేను ముప్పయ్యేళ్ళు నర్సు పని చేశాను. ఒళ్ళు కాలుతోందని వచ్చినవాళ్ళందరికీ ఒకే మాత్ర ఇవ్వలేదు. మలేరియా వేరు, టైఫాయిడ్ వేరు. మన మీది కోపమూ అంతే. కొంత నిజంగా యేసు పేరు మీదే. కొంత బోరింగు దగ్గర తగువు, జాగా తగువు, పంచాయతీ ఎన్నికల కక్ష. తెలుగు మాట్లాడతాం కాబట్టి పరాయివాళ్ళమన్న అనుమానం కొంత. పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది 1936లో, మన తాతలు అంతకుముందు నుంచీ ఇక్కడే ఉన్నారు, అయినా ఆ మాట పడుతూనే ఉన్నాం. మిగిలింది మనం చేతులారా తెచ్చుకున్నది.

నాకు ఎక్కువ బాధ ఆ చివరిదే. బాధపడితే క్రైస్తవుడిగా పడు గానీ నరహంతకుడిగానో, దొంగగానో, పరుల జోలికి పోయేవాడిగానో పడొద్దంటాడు బైబిల్లో పేతురు. హంతకుడి వరసలో ఎవర్ని నిలబెట్టాడో చూడు. ఒక క్రిస్మస్‌కి మా డాబా మీద మైకు గొట్టాలు కట్టారు. ఎదురింట్లో జ్వరంతో పసిబిడ్డ. సౌండు తగ్గించమని ఆ తండ్రి వస్తే, సువార్తకి అడ్డం రావద్దన్నాడు మా కుర్రాడొకడు. ఆయన రెండేళ్ళు మా గుమ్మం వైపు చూడలేదు. దాన్ని హింస అనుకోకూడదు నాన్నా, అది మా తప్పు. వెళ్ళి చేతులు జోడించాం.

ప్రసంగంలో ఇంకొకరి దేవుడి ఊసెత్తకు. ఎవరైనా ప్రసాదం ఇస్తే మొహం తిప్పుకోకు, నమస్కారం పెట్టి నెమ్మదిగా వద్దమ్మా అను. బియ్యం ఇస్తే ఆకలి చూసి ఇవ్వు, ఆదివారం వచ్చాడా అని అడగకు. ప్రార్థన చేశాం, మాత్రలు మానెయ్యమని నీ నోటివెంట ఎన్నడూ రాకూడదు.

చట్టం కూడా తెలిసుండాలి. మన రాష్ట్రంలో 1967 నుంచీ మత స్వేచ్ఛ చట్టం ఉంది. బలవంతం, ప్రలోభం, మోసంతో మతం మార్చడం నేరం. మత మార్పిడి కార్యక్రమానికి 15 రోజుల ముందే పాస్టరు కలెక్టరుకి తెలియజేయాలి. ఎవరైనా బాప్తిస్మం అడిగితే తొందరపడకు, వకీలుని అడిగి కాయితాలు సరిచూసుకో. అలాగే ఆరాధన స్థలాన్ని అవమానించాలని పాడుచేస్తే భారతీయ న్యాయ సంహిత 298 కింద అదీ నేరమే. ఇద్దరు పెద్దల్ని, వీలైతే ఊళ్ళో ఒక హిందూ పెద్దమనిషిని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. ఎఫ్‌ఐఆర్ రాయకపోతే ఫిర్యాదుని ఎస్పీకి పోస్టులో పంపు.

క్షమించమంటూ కేసెందుకని మీవాళ్ళు అడుగుతారు. 1999లో కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ని, ఆయన ఇద్దరు చిన్నకొడుకుల్ని జీపులో తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ అమ్మ క్షమించానంది, ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు బారిపదలో కుష్ఠురోగుల దగ్గరే ఉంది. కేసు మాత్రం సుప్రీంకోర్టు దాకా నడిచింది. పగ వదిలెయ్యడం ఆమె పని, శిక్ష సంగతి కోర్టు పని.

2008 ఆగస్టులో క్రైస్తవుల మీద దాడులతో కంధమాల్ జిల్లా తగలబడినప్పుడు భయం మా వీధి దాకా వచ్చింది. ఆ రాత్రి ఎదురింటి అత్త మా గుమ్మానికి అడ్డంగా నులకమంచం వేసుకుని, లాంతరు పెట్టుకుని పడుకుంది. ఆ పసిబిడ్డ నాయనమ్మే ఆవిడ. మేం క్షమాపణ అడక్కపోయుంటే ఆ మంచం అక్కడికి వచ్చేదా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఫిర్యాదు ఇచ్చి, పోలీసులు చూసి వెళ్ళాకే గోడ కడుగు. శనివారం రైలుకి వస్తాను. సున్నం, కుంచెలు సిద్ధంగా ఉంచు. పక్కింటివాళ్ళని నువ్వే వెళ్ళి పిలువు.

మీ దొడ్డమ్మ