అటక మీద దొరికిన పాత బేస్ గిటార్, నెక్ వంగింది, సౌండ్ రావట్లేదు, బాగవుతుందా?

చాలావరకు అవుతుంది, కానీ ముందు నెక్ (తీగల కింద ఉండే పొడవాటి కాడ) చూడండి, మిగతావన్నీ తర్వాత. బేస్‌లో నాలుగు తీగలే కదా అనుకుంటాం గానీ మామూలు 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు) మీద వాటి లాగుడు మొత్తం కలిపితే 70 కిలోల పైనే ఉంటుంది, ఏళ్ల తరబడి అలా బిగించి వదిలేస్తే ఏ చెక్కైనా వంగుతుంది మరి. జి తీగని (అన్నిటికంటే సన్నది) మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడండి, విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే చాలు, వేలే దూరిపోతుందంటే తీగలు వదులు చేసి ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండే ఇనుప కడ్డీ) పావు చుట్టు కుడివైపు తిప్పి, మళ్లీ ట్యూన్ చేసి ఒక రోజు ఆగి చూడండి. నేను తొందరపడి ఒకేసారి చుట్టున్నర తిప్పితే టక్కుమంది, ఆ నెక్ ఇప్పుడు మా గోడకి అలంకారం.

హెడ్‌స్టాక్ (తీగలు బిగించే నెక్ చివరి భాగం) పగిలితే ఫెవిక్విక్ వద్దు, ఉడ్ గ్లూ పగులు లోపలిదాకా పట్టించి క్లాంప్ వేసి ఒక రోజు కదిలించకండి.

సౌండ్ సంగతికొస్తే, సగం కేసుల్లో పికప్ (తీగల కదలికని కరెంట్‌గా మార్చేది) బాగానే ఉంటుంది, కేబుల్ గుచ్చే జాక్ దగ్గర వైరే ఊడిపోయి ఉంటుంది, అది ఐదు నిమిషాల సోల్డరింగ్ పని. వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమంటోందా, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఒక ఇరవై సార్లు అటూఇటూ తిప్పండి. పికప్ మీద అనుమానం ఉంటే మల్టీమీటర్ పెట్టండి, కొన్ని కిలో ఓమ్‌లు చూపిస్తే బతికున్నట్టే. రంగు మాత్రం నేనైతే ముట్టుకోను.