కారు గీతకు ఇంటి వైద్యం: ముందు తడిగుడ్డ, తర్వాతే వాటర్ పేపరు

గుంటూరులో మీ వీధిలో ఎవరో బైకు హ్యాండిల్‌తో కారు ఎడమ తలుపుపై జానెడు గీత పెట్టి వెళ్లారని, బానెట్ మీద బియ్యపు గింజంత రంగు పెచ్చు ఊడి రేకు కనిపిస్తోందని, షెడ్డులో రెండింటికీ పూర్తి పెయింటింగ్ చేయాలన్నారని రాశారు. బూడిద రంగు మెటాలిక్ కారు, ఇంట్లోనే సరిచేసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న. చేసుకోవచ్చు. కానీ అవి రెండు వేర్వేరు జబ్బులు, ఒకే మందు పనికిరాదు. విజయవాడ సత్యనారాయణపురం సందుల్లో ఎనిమిదేళ్లుగా కారు నిలుపుతున్నవాణ్ణి, గీతల విషయంలో నాకు అనుభవానికి కొదవ లేదు.

ముందు తలుపు సంగతి. గీత ఉన్నచోట కారు షాంపూతో శుభ్రంగా కడిగి, తడి ఆరకముందే చూడండి. తడిలో గీత మాయమై, ఆరగానే మళ్లీ తెల్లగా తేలితే సంతోషించండి, దెబ్బ క్లియర్ కోటుతోనే, అంటే రంగు మీద వేసే రంగులేని పై పూతతోనే ఆగిందన్నమాట. గాడి అంచుల్లో వెలుగు చెదిరి తెల్లగా కనిపిస్తుంది, నీరు నిండగానే ఆ చెదరడం ఆగుతుంది. తర్వాత గీతకు అడ్డంగా గోరు నడపండి. గోరు తట్టుకుని ఆగితే లోతైన గాయం. జారిపోతే రుద్ది పోగొట్టవచ్చు.

బైకు రాసుకున్న గీతల్లో సగం అసలు గీతలే కావు, బైకు పిడి రబ్బరో దాని రంగో మన కారుకు అంటుకుని ఉంటుంది. పై పూతను సన్నగా అరగదీసే ముద్ద, రబ్బింగ్ కాంపౌండ్, కాస్త గుడ్డకు తీసుకుని రుద్దితే ఊడివస్తుంది. థిన్నరు జోలికి మాత్రం వెళ్లకండి. నేను వెళ్లాను. నా ఎర్ర కారు పాతది కొన్నాను. ముందు బంపరుకు అంటిన నల్ల మరక కోసం థిన్నరులో ముంచిన గుడ్డతో ఒక్కసారి గట్టిగా తుడిచాను. మరక పోయింది, దాంతోపాటు అరచేయంత ఎరుపూ పోయింది. నల్ల ప్లాస్టిక్ బయటపడింది, గుడ్డేమో కుంకుమలో ముంచినట్టు తయారైంది. అంతకుముందు యజమాని ఆ బంపరుకు బయట చవక రంగు వేయించాడని నాకు అప్పుడు అర్థమైంది. కంపెనీలో వేడిపై కాల్చిన రంగు థిన్నరును కాసేపు ఓర్చుకుంటుంది, రోడ్డు పక్క షెడ్డులో వేసింది కరిగిపోతుంది.

మామూలు కాంపౌండుకు గీత లొంగకపోతే అప్పుడు వాటర్ పేపరు, అంటే నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం. నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. 2000 నంబరు తీసుకోండి, 800తో మొదలుపెట్టమని చెప్పేవాళ్ల మాట వినకండి. క్లియర్ కోటు మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తల వెంట్రుక దానికంటే మందం. కాగితాన్ని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, రబ్బరు ముక్కకు చుట్టి, నీళ్లు పోస్తూ ఒకే దిశలో పది పదిహేను సార్లు తేలిగ్గా నడపండి. పాలవంటి తెల్లని నీరు కారితే ఇంకా క్లియర్ కోటులోనే ఉన్నారు. నీరు బూడిద రంగుకు తిరిగిందంటే వెంటనే చేయి తీసేయండి. తలుపు మీద మడత గీతలు, అంచులు ఉంటాయి చూడండి, అక్కడ పూత మరీ పలచగా ఉంటుంది, ఆ చోట్లకు కాగితం పోనివ్వకండి. కాగితం తర్వాత ఆ చోటు మసకబారుతుంది, కంగారుపడనక్కర్లేదు. కాంపౌండు, ఆపై పాలిష్ పట్టిస్తే మెరుపు తిరిగివస్తుంది. పక్కింటివారు పళ్ల పేస్టు రుద్దమంటారు. అదీ సన్నటి అరగదీసే పొడే, పనిచేస్తుంది కూడా, కాకపోతే కాంపౌండు దొరికే ఊళ్లో పేస్టుతో తిప్పలెందుకు?

ఇక బానెట్. హైవే మీద కంకర టిప్పరు వెనక వెళ్లిన ప్రతి కారుకూ ఈ మశూచి తప్పదు. రేకు కనిపిస్తోంది కాబట్టి తలుపు కంటే ముందు దీని సంగతే చూడండి, మన తేమకు తుప్పు పట్టడానికి ఎన్నాళ్లో అక్కర్లేదు. బానెట్ కింద పలకపైనో, డ్రైవరు తలుపు పక్క స్తంభం మీదో రంగు కోడు ఉంటుంది. ఫోనులో ఫొటో తీసుకుని ఆటోనగర్‌లో పెయింటు కలిపే దుకాణంలో చూపించండి. "గ్రే ఇవ్వండి" అంటే కుదరదు, గ్రేలు బోలెడు.

వాళ్లిచ్చే రంగు సీసాలో కుంచె వస్తుంది, దాన్ని పక్కన పడేయండి. బియ్యపు గింజంత గుంటలో అది చింతగింజంత చుక్క వేస్తుంది. నేను చీపురు పుల్ల చివర నలగ్గొట్టి వాడతాను. తుప్పు గోధుమ రంగు ఏమైనా ఉంటే బ్లేడు మొనతో గీకి, స్పిరిటుతో తుడిచి, ముందు ప్రైమరు (రంగు కింద వేసే అడుగు పూత) చుక్క, ఆరాక రంగు. మెటాలిక్‌లో మెరుపు పొడి అడుగుకు దిగిపోతుంది, సీసాను రెండు మూడు నిమిషాలు గట్టిగా ఊపకపోతే నల్లగా పడుతుంది. రంగు ఆరుతూ కుంగిపోతుంది కాబట్టి ఒకేసారి నింపాలని చూడకండి. గంటకు ఒక చుక్క చొప్పున మూడు నాలుగు, చివర క్లియర్. చుట్టుపక్కల కంటే కొంచెం ఉబ్బుగా వచ్చేదాకా నింపి వారం వదిలేయండి. ఆ తర్వాత పెన్సిలు వెనక రబ్బరుకు చిన్న వాటర్ పేపరు ముక్క అంటించి ఉబ్బును మాత్రమే సమం చేయాలి. మూడడుగుల దూరం నుంచి కనిపించదు, దగ్గరగా వంగి వెతికితే దొరుకుతుంది. మెటాలిక్‌లో అంతకంటే ఆశపడవద్దు.

మే నెలలో మాత్రం మొదలుపెట్టకండి. మన ఎండకు రేకు పెనంలా కాలి, రంగు పరుచుకోకముందే చర్మం కట్టేస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో క్లియర్ పాలలా తెల్లబారుతుంది. కార్తీకంలో వాన లేని ఉదయం, నీడపట్టు మంచిది.

స్ప్రే డబ్బా కొనవచ్చా అని కూడా అడిగారు. అపార్ట్‌మెంట్ సెల్లారులో నేను బంపరుకు అదే కొట్టాను. బంపరు పర్వాలేదు. రెండు స్థలాల అవతల నిలిపిన తెల్ల స్కూటరుకు సన్నటి ఎర్ర పొడి పట్టింది, ఆ ఆదివారం మధ్యాహ్నమంతా దాన్ని కాంపౌండుతో తుడుస్తూ కూర్చున్నాను. స్కూటరు యజమాని ఒక కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు.