మీరడిగారు: క్లబ్బుతో వెళ్లాలా, ఒక్కణ్నే తొక్కుకోవాలా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు, మణికొండలో ఉంటాం. షుగర్ బోర్డర్‌లో ఉందని డాక్టర్ నడవమన్నారు, నడక విసుగొచ్చి ఆర్నెల్ల కిందట హైబ్రిడ్ సైకిల్ కొన్నాను. ఒక్కణ్నే తొక్కితే హాయిగానే ఉంటుంది కానీ కుక్కలన్నా లారీలన్నా భయం, నేను ఇంటికొచ్చేదాకా మా ఆవిడకు టెన్షన్. ఆవిడ పోరు పడలేక ఒక క్లబ్బులో చేరాను. ఆదివారం తెల్లారి ఐదింటికి గచ్చిబౌలిలో బయల్దేరి గండిపేట మీదుగా చిలుకూరు వెళతారు. నార్సింగి దాటేసరికి వాళ్ల వెనక లైట్లు కూడా కనబడవు. పోయిన వారమైతే దారి తప్పి వెనక్కొచ్చేశాను. సిగ్గేసింది. క్లబ్బు మానేయనా?
– ఒక పాఠకుడు, మణికొండ

జవాబు: ముందు ఒక సంగతి. దారి తప్పిన ఆ ఆదివారం మీరు తొక్కింది గుంపుతోనా? క్లబ్బు వాళ్ల టైముకి లేచి, క్లబ్బు దారిలో ఒంటరిగా తొక్కారు. గుంపులో ఉండే ఇబ్బంది, ఒంటరితనంలో ఉండే ఇబ్బంది రెండూ మీకే వచ్చాయి, సుఖం మాత్రం ఒక్కటీ రాలేదు. కాబట్టి మీకు గుంపు పడదని ఇప్పుడే తేల్చేయకండి, అసలు మీరింకా గుంపుతో తొక్కనేలేదు.

సిగ్గు విషయానికొస్తే, మిమ్మల్ని వెనక్కి తోసింది ఎక్కువగా గాలి. ముప్పై స్పీడులో వెళుతుంటే చదును రోడ్డు మీద మన బలంలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందున్న సైకిల్ వెనక దగ్గరగా నడిపేవాడికి ఆ కష్టంలో పావు వంతు దాకా తగ్గుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అందుకే గుంపు నడిమధ్యలో ఉన్నవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ వెళతారు, మీరు పది మీటర్లు వెనకబడగానే గాలంతా మీ ఛాతీకి కొడుతుంది. పైగా హైబ్రిడ్ మీద నిటారుగా కూర్చుంటారు కదా, రోడ్ బైక్ (రేసు రకం సైకిల్) వాడిలా హ్యాండిల్ మీదికి వంగరు. ఆ పది మీటర్లు వంద మీటర్లు కావడానికి ఒక ఫ్లైఓవర్ ఎక్కుడు చాలు.

అలాగని రేపే వెళ్లి ముందువాడి చక్రానికి అంటుకుపోకండి. అదొక విద్య. ముందువాడి వెనక చక్రం పక్కకి మీ ముందు చక్రం చొరబడకూడదు, చెప్పకుండా బ్రేక్ వేయకూడదు, గుంత కనబడితే చేత్తో చూపించాలి, వెనక బండి వస్తే కేకేయాలి. గుంపు మధ్యలోకి ఒక కుక్క పరిగెత్తుకొస్తే ఒకడు బ్రేక్ వేస్తాడు, నలుగురు పడతారు. ఒంటరిగా ఉంటే కుక్కకి భయపడతారు కానీ, దిగి సైకిల్ అడ్డం పెట్టుకుని నాలుగడుగులు నడిస్తే చాలాసార్లు అది మొరిగి మొరిగి వెళ్లిపోతుంది.

క్లబ్బు వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఎవరినీ వదిలేయని రైడా, కాదా? నో-డ్రాప్ అంటే మలుపు దగ్గర ఆగి చూస్తారు, చివర ఒకరు కాపలాగా వస్తారు. కాదంటే వాళ్ల తప్పేం లేదు, ఆ బ్యాచ్ మీది కాదు, అంతే. మీరు మామూలుగా ఎంత స్పీడులో తొక్కుతారో కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. మగవాళ్లం ఇక్కడ ఓ నాలుగు కిలోమీటర్లు కలిపి చెబుతాం, నేనూ చెప్పాను.

ఒంటరి ప్రయాణం గురించి నా అనుభవం. ఓసారి చేవెళ్ల దారిలో ఆ పాత మర్రిచెట్ల కింద ఒక్కణ్నే వెళుతుంటే పంక్చర్. ట్యూబ్ మార్చాను, పంపు చూస్తే ఇంట్లో ఉండిపోయింది. తోసుకుంటూ ఒక పంక్చర్ షాపు దాకా వెళ్తే, ఆయన పాపం గాలి పైపు పట్టుకుని నా సన్నటి వాల్వ్ వైపు అటూ ఇటూ తిరిగి చూసి, "ఇదేం సైకిలన్నా, దీనికి గాలెట్ల కొట్టాలె?" అన్నాడు. రోడ్ బైకులకి వచ్చే ఆ సన్న వాల్వ్‌కి మోటార్ బైకులకి గాలి కొట్టే పైపు పట్టదు, దాని మీద బిగించుకునే గోరంత ఇత్తడి అడాప్టర్ ఉంటుంది, అది నా దగ్గర లేదు. టమాటాల ట్రాలీ ఆటోలో, సైకిల్ ఒళ్లో పెట్టుకుని మెహదీపట్నం చేరాను. గుంపులో అయితే ఎవడో ఒకడి జేబులో ఉండేది. మీ ట్యూబ్ వాల్వ్ ఏ రకమో ఇవాళే చూసుకోండి, హైబ్రిడ్లకి ఈ సన్నదీ, మోటార్ బైకు పైపు పట్టే లావుదీ రెండు రకాలూ వస్తాయి.

మీరుండేది మణికొండ కాబట్టి వారం మధ్యలో నార్సింగి వెళ్లి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ ఎక్కండి. 2023 అక్టోబరులో తెరిచారు, అప్పటికి మొత్తం 23 కిలోమీటర్లు. నార్సింగి నుంచి కొల్లూరు ముక్క 14.5, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ ముక్క 8.5. లారీలుండవు, ఎండ పడదు. ఆ ఒంటరి గంటలు మాత్రం వదులుకోకండి, ఒక్కణ్నే తొక్కితే హాయిగా ఉంటుందని మీరే అన్నారు కదా. ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేసి పెట్టండి, ఎన్నింటికి వస్తానన్నారో ఆ టైముకి రండి. మా ఇంట్లో ఫోన్ కంటే ఆ రెండోదే ఎక్కువ పనిచేసింది.

ఆదివారానికి మీకు గుంపు అక్కర్లేదు, ఒక్క మనిషి చాలు. ఇరవై మంది బయల్దేరిన చోట వెనకబడింది మీరొక్కరే అయ్యుండరు, ఇంకెవరో ఏ గండిపేట టీ బండి దగ్గరో ఆగి తనకే చేతకాలేదనుకుంటూ ఉంటారు. శనివారం సాయంత్రం క్లబ్బు వాట్సాప్ గ్రూపులో రాయండి: "రేపు చిలుకూరు, స్పీడు పద్దెనిమిదే, మధ్యలో ఇడ్లీకి ఆగుతాం, ఎవరైనా వస్తారా?"