మా అమ్మాయి ఉద్యోగం మానేసి నవల రాస్తానంటోంది, ఏం చెయ్యాలి?

తిరుపతి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది, బాగా పెద్దది, కుదించి చెప్తున్నా. ఆవిడ భర్త బస్టాండు దగ్గర ఒక లాడ్జికి మేనేజరు, ఓనరు కాదు, జీతానికే. 18 ఏళ్ళుగా రిసెప్షన్ వెనకాల రెండు గదుల్లో కాపురం. ఒక్కతే కూతురు. మూడో క్లాసు నుంచే సాయంత్రాలు కౌంటర్లో కూర్చుని తాళాలు ఇచ్చేది, రిజిస్టర్లో పేర్లు రాయించేది. పదో తరగతి దాకా జిల్లా పరిషత్ స్కూల్లో తెలుగు మీడియం, ఆ తర్వాత ఇంటర్‌కి హాస్టలు, ఇంజనీరింగు, ఇప్పుడు 24 ఏళ్ళు, బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. చదువు లోను ఇంకా మూడున్నర లక్షలుంది. మొన్న దసరాకి ఇంటికొచ్చినప్పుడు లాప్‌టాప్ తెచ్చి అమ్మ ముందు పెట్టి, ఇంగ్లీషులో నవల రాస్తున్నా, లాడ్జిలో పెరిగే పిల్ల కథ, ఆరు చాప్టర్లు అయ్యాయి అని చూపించింది. ఈవిడేమో, "ఏమ్మే, మన ఇంగ్లీషెంత, మనమెంత, కాన్వెంటు పిల్లోళ్ళు రాసేవి నువ్వెట్ట రాస్తావు" అన్నారు. పిల్ల లాప్‌టాప్ మూసేసింది. నాలుగు నెలలుగా ఫోన్లో తిన్నావా అంటే తిన్నా, అంతే. పోయిన వారం ఒక మెసేజ్ వచ్చింది, వచ్చే నెల రిజైన్ చేస్తున్నా, కెల్లీ యాంగ్ కూడా హార్వర్డ్‌లో లా చదివి వదిలేసే రైటర్ అయింది, అని.

ఈ కెల్లీ యాంగ్ ఎవరు, ఆవిడ పిచ్చి మా పిల్లకి ఎట్టా వదిలించాలి? ఇదీ ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం రెండు సార్లు చదివా. ఎందుకో చివర్లో చెప్తా. ముందు ఈ కెల్లీ యాంగ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీ అమ్మాయి ఆ పేరు ఊరికే పంపలేదు. ఆవిడ చదువు చూసి పట్టుకుంది అనుకుంటున్నారు మీరు. నాకు తెలిసి ఆవిడ చిన్నతనం చూసి పట్టుకుంది.

ఆవిడ చైనాలో పుట్టింది, ఆరేళ్ళప్పుడు అమ్మానాన్నలతో అమెరికా వచ్చేసింది. కాలిఫోర్నియాలో వాళ్ళమ్మా నాన్నా మోటెల్స్ నడిపేవాళ్ళు, అంటే హైవే పక్కన ఉంటాయే, కారు గుమ్మం ముందే ఆపుకునే చిన్న లాడ్జీలు, అవి. సొంతవి కావు, వేరేవాళ్ళవి, అక్కడే ఉంటూ గదులు ఊడ్చి, దుప్పట్లు ఉతికి, రాత్రీ పగలూ చూసుకోవాలి. పిల్లేమో ఫ్రంట్ డెస్క్‌లో, అంటే రిసెప్షన్ కౌంటర్లో, కూర్చునేది. అర్థమైందా అమ్మా? మీ ఇల్లే అది, ఇంకో దేశంలో.

ఆ పిల్ల 13 ఏళ్ళకే కాలేజీలో చేరింది, బర్క్‌లీ యూనివర్సిటీలో డిగ్రీ, 17 ఏళ్ళకి హార్వర్డ్ లా స్కూలు. ఇంత చదివాక వకీలు అవ్వకుండా హాంకాంగ్ వెళ్ళిపోయింది. 2018లో ఫ్రంట్ డెస్క్ అనే నవల వచ్చింది, పిల్లల నవల, దాంతోనే బాగా పేరొచ్చింది. దానికి తర్వాత భాగాలు కూడా వచ్చాయి. 2020లో టీనేజీ పిల్లల కోసం పారాచూట్స్ అని ఇంకోటి, అది కాస్త బరువైన పుస్తకం, చైనాలో డబ్బున్న తల్లిదండ్రులు అమెరికా చదువు కోసమని పిల్లల్ని ఒంటరిగా, తెలియని వాళ్ళ ఇళ్ళల్లో దింపేసి ఊరుకుంటారు, పారాచూట్‌లో జారవిడిచినట్టు, ఆ పిల్లల గురించి. అది చదువుతుంటే నాకైతే ఇంటర్‌కి మన పిల్లల్ని ట్రంకు పెట్టె, బకెట్టు, పచ్చడి సీసాలతో సహా హాస్టల్లో దింపి వచ్చే రోజే గుర్తొచ్చింది, మీరూ దింపే ఉంటారు. సరే, అది వేరే ఏడుపు.

ఫ్రంట్ డెస్క్‌లో మియా అని పదేళ్ళ పిల్ల. డిస్నీల్యాండ్ ఉన్న ఊర్లోనే మోటెల్, కానీ వీళ్ళకి డిస్నీల్యాండూ లేదు ఏమీ లేదు. ఓనరు ముందొక మాట చెప్పి తర్వాత డబ్బులు కోసే రకం, పైగా వాడూ వీళ్ళ భాష మాట్లాడే మనిషే. అమ్మానాన్నలేమో ఓనరుకి తెలియకుండా, దిక్కులేకుండా వచ్చిన తమ దేశం వాళ్ళని ఖాళీ గదుల్లో పడుకోబెడుతుంటారు. ఈ పిల్లకి ఇంగ్లీషులో రాయడం అంటే ఇష్టం. వాళ్ళమ్మకేమో లెక్కలు రావాలని, ఎందుకంటే లెక్కలకి భాష అక్కర్లేదు కదా. ఒక రోజు ఆ తల్లి కూతురితో అంటుంది, ఇంగ్లీషు విషయంలో నువ్వు సైకిలువి, మిగతా పిల్లలంతా కార్లు, అని.

నేను అక్కడ పుస్తకం మూసేసి కాసేపు కూర్చున్నా. ఎందుకంటే ఆ తల్లి చెడ్డది కాదు, పుస్తకం మొత్తం చూస్తే ఆ పిల్ల కోసం ఒళ్ళు హూనం చేసుకునే మనిషి, చైనాలో ఇంజనీరు, ఇక్కడికొచ్చి బాత్రూములు కడుగుతోంది. కొత్త భాషలో తను పడ్డ అవమానం కూతురు పడకూడదని, ముందే అడ్డం పడిపోయింది, అంతే. మీరు అన్న "మన ఇంగ్లీషెంత మనమెంత" కూడా అదే కదమ్మా. ఇప్పుడు చెప్పండి, మీ అమ్మాయి పంపిన మెసేజ్‌లో అసలు విషయం హార్వర్డా, సైకిలా? మీరు ఆ పేజీ చదువుతారనో, కనీసం ఎవరినైనా అడుగుతారనో ఏదో మూల ఆశ ఉండే ఆ పేరు పంపించిందని నాకనిపిస్తోంది. నేను పొరబడి ఉండొచ్చు, కానీ ఇలాంటి పిల్లల్ని చాలా మందిని చూశా.

మీరు రెండు గొడవల్ని ఒకటిగా చూస్తున్నారు. ఉద్యోగం మానెయ్యడం ఒకటి, మీరన్న మాట ఇంకోటి. మాట సంగతి తేల్చకుండా ఉద్యోగం గురించి ఎంత మాట్లాడినా ఆ పిల్లకి వినపడేది దసరా నాటి మాటే. రిజైన్ చేస్తే నెలనెలా జీతం పోతుంది అని మీరంటారు, నువ్వు సైకిలువే అని తనకి వినపడుతుంది.

అలాగని మీ అమ్మాయి చెప్పిందంతా కరెక్టని కాదు, కథ సగమే చెప్పింది. కెల్లీ యాంగ్ లా స్కూలు అయ్యేటప్పటికి ఆవిడకి 20 ఏళ్ళు, ఫ్రంట్ డెస్క్ వచ్చేసరికి ముప్పైలు దాటింది. ఆ మధ్య 13 ఏళ్ళు ఏం చేసింది? హాంకాంగ్‌లో పిల్లలకి రాయడం, డిబేట్ చెయ్యడం నేర్పే స్కూలు పెట్టింది, కెల్లీ యాంగ్ ప్రాజెక్ట్ అని, అది బాగా నడిచింది. అక్కడి పేపర్లో, సౌత్ చైనా మార్నింగ్ పోస్ట్‌లో కాలమ్స్ రాసింది. పెళ్ళి, ముగ్గురు పిల్లలు. మోటెల్‌లో తన చిన్నతనం గురించి కొడుక్కి చెప్తూ చెప్తూ ఆ నవలలోకి వచ్చింది. అంటే వకీలు పని వదిలేసింది కానీ సంపాదన వదల్లేదు, ఉన్న మెట్టు దిగి ఖాళీలోకి అడుగు వెయ్యలేదు. ఇది మీ అమ్మాయికి చెప్పండి, కానీ ఇప్పుడే కాదు, మొదటి ఫోన్లో అస్సలు కాదు, నేను చెప్పిన వరసలోనే రండి దయచేసి.

డబ్బు లెక్క కూడా చెప్తా, ఎందుకంటే మీకు భయం ఉంది, ఆ పిల్లకి ఊహ ఉంది, ఇద్దరికీ అంకెలు లేవు. మన దేశంలో ఇంగ్లీషు పుస్తకానికి రచయితకి వచ్చే రాయల్టీ మామూలుగా ధరలో 10 శాతం చుట్టుపక్కల. 399 రూపాయల పుస్తకం ఏడాదిలో 2000 కాపీలు అమ్ముడైందే అనుకోండి, కొత్త రచయితకి అది మంచి సేలే, చేతికొచ్చేది 80 వేల లోపు. ఏడాదికండీ, నెలకి కాదు. అమెరికాలో అమ్మాలంటే ఏజెంటు కావాలి, అంటే రచయిత తరఫున పబ్లిషర్లతో మాట్లాడి పుస్తకం అమ్మిపెట్టే మనిషి, వాళ్ళు వచ్చిన దాంట్లో 15 శాతం తీసుకుంటారు, ముందుగా పైసా అడగరు. ఎవరైనా ముందే డబ్బు కట్టు నీ పుస్తకం వేస్తాం అంటే అది పబ్లిషింగ్ కాదు, ఫోన్ పెట్టెయ్యమనండి. పైగా మొదటి నవల ఎవరూ ఆరు చాప్టర్లు చూసి కొనరు, మొత్తం రాసి పంపాలి. రిజైన్ చేశాక మిగతాది రాయడం, రాశాక తిప్పడం, ఎవరో ఒకరు సరే అన్నాక అచ్చులోకి రావడం, ఇదంతా ఏళ్ళ పని, అన్నేళ్ళూ లోను ఈఎంఐ ఆగదు కదా.

కాబట్టి ఉద్యోగం దగ్గర మీరు గట్టిగా ఉండడంలో తప్పేం లేదు. వద్దు అని కాదు, ఇలా అయితే సరే అని. ముందు నవల పూర్తి చెయ్, లోను సగానికి తే, ఏడాది ఖర్చుకి బ్యాంకులో పెట్టుకో, అప్పుడు మానేస్తానంటే నాన్నా నేనూ అడ్డం రాము. మధ్యలో మరీ అలిసిపోతే కొంచెం ఊపిరాడే ఉద్యోగానికి మారు. ఇది బేరం లాగా పెట్టండి, బెదిరింపు లాగా కాదు. పెళ్ళి సంబంధాల ఊసు మాత్రం దీంట్లోకి తీసుకురాకండి, మీ ఉత్తరం మూడో పేజీలో ఒక లైను ఉంది, అది చూసి చెప్తున్నా. మీ ఆయన ఏమీ మాట్లాడట్లేదు అని రాశారు, మాట్లాడకపోవడమే మంచిది కొన్నాళ్ళు, ఒక మనిషన్నా గొడవ బయట ఉన్నాడని ఆ పిల్లకి ఉంటుంది.

ఉత్తరం రెండు సార్లు ఎందుకు చదివానో చెప్తానన్నా కదా. చివరి పేజీలో మీరే రాశారు, సందర్భం లేకుండానే, మనసు ఆగక రాసినట్టు. ఒకసారి తెల్లారుజామున ఎవరో పెద్ద కారులో వచ్చి దిగారు, దర్శనానికి టైమైపోతోంది, బాయిలర్ చెడిపోయి వేడినీళ్ళు రాలేదు. ఆయన కౌంటర్ మీద చెయ్యేసి కొడుతూ ఇంగ్లీషులో అరుస్తున్నాడు, మీ ఆయన స్టేషన్‌కి వెళ్ళారు, మీకు ఒక్క ముక్క అర్థం కాలేదు, కొంగు పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు ఆరో క్లాసు చదివే మీ కూతురు నిద్రకళ్ళతో వెనక గదిలోంచి వచ్చి, స్టూలెక్కి, తనకొచ్చిన ఇంగ్లీషులో ఆయనతో మాట్లాడింది. పది నిమిషాలు సార్, స్టవ్ మీద కాచి ఇస్తాం, బకెట్ రూముకే పంపిస్తాం, అని. ఆయన చల్లబడ్డాడు. పోయేటప్పుడు పిల్ల చేతిలో 50 రూపాయలు పెట్టాడు, అది తీసుకోలేదు. "అప్పుడు నా బిడ్డే నన్ను కాచింది" అని మీరే రాశారమ్మా, నా మాట కాదు. ఆ ఇంగ్లీషు ఎంత అని ఆ రోజు మీరు కొలిచారా?

ఆ ఆరు చాప్టర్లలో ఈ సీను ఉందేమో నాకు తెలీదు. కానీ లాడ్జిలో పెరిగిన పిల్ల లాడ్జి గురించి రాస్తూ అమ్మని రాయకుండా ఎలా ఉంటుంది? మీరు ఇంగ్లీషు రాదని చదవలేదు సరే, తెలుగులో చెప్పమని కూడా అడగలేదు. తను ఎదురుచూసింది దానికే అయ్యుంటుంది.

నాదొకటి చెప్పి ముగిస్తా. డిగ్రీ చదివేటప్పుడు నేను రాసిన కథ ఒకటి మా నాన్న చూసి, ఇదేం పనికొస్తుందమ్మా అన్నారు, అరవలేదు, తిట్టలేదు, అన్నం తింటూ మామూలుగా అన్నారు. ఆయన పోయి 11 ఏళ్ళయింది. ఆ మాట ఏ కంచం ముందు కూర్చుని అన్నారో కూడా నాకు గుర్తుంది, ఆయనకైతే పోయే దాకా గుర్తు లేదు, అడిగాను కూడా. మీ అమ్మాయికి 24, మీరిద్దరూ ఉన్నారు, ఫోను ఉంది.

కాబట్టి ఆదివారం ఫోన్ చెయ్యండి. మెసేజ్ వద్దు, వాయిస్ మెసేజ్ కూడా వద్దు. సారీ అనే మాట మన ఇళ్ళల్లో తల్లుల నోటికి రాదు, రాకపోతే పర్లేదు, మీ మాటల్లోనే చెప్పండి, ఆ రోజు నేనన్నది తప్పు, నాకు ఇంగ్లీషు రాదనే భయం తెచ్చి నీ మీద పెట్టినా, అని. అక్కడ ఆపండి. కానీ అని మొదలుపెట్టకండి. అటు నుంచి ఏమీ రాకపోయినా గాభరా పడి మాటలతో నింపెయ్యకండి, ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత ఆ వేడినీళ్ళ రోజు నీ పుస్తకంలో ఉందా అని అడగండి. లేదంటే, ఆ రోజు బాయిలర్ రిపేరుకి ఎంతయింది, ఆ కారాయన ఏ రూములో దిగాడు, మీరు ఏ చీర కట్టుకున్నారు, తనకి గుర్తులేనివన్నీ చెప్పండి, రాసుకుంటుంది. ఉందంటే చదవమనండి, లైను లైనుకీ తెలుగులో చెప్పించుకోండి. ఉద్యోగం, లోను, నేను చెప్పిన లెక్కలు, కెల్లీ యాంగ్ 13 ఏళ్ళు, అవన్నీ ఆ పై ఆదివారానికి.

పొద్దున్నే మాత్రం చెయ్యకండి. సాఫ్ట్‌వేర్ పిల్లలు శనివారం రాత్రి ఎప్పటికో పడుకుంటారు, పదిన్నర దాటాక చెయ్యండి.