కోడలి పండుగకు శుభాకాంక్షలు చెప్పాలంటే ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెదనాన్నలు, బాబాయిలు, వాళ్ల పిల్లలు అందరం కలిపి మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో 40 మందికి పైనే ఉన్నాం. అడ్మిన్ని నేనే. మా తమ్ముడు మూడేళ్ల క్రితం తనతో పనిచేసే క్రిస్టియన్ అమ్మాయిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాడు. హైదరాబాద్‌లో ఉంటారు. మొదట్లో కొంచెం బాధపడినా తర్వాత అందరం కలిసిపోయాం. ఆ అమ్మాయి ఉగాదికీ, సంక్రాంతికీ మాకంటే ముందే గ్రూపులో శుభాకాంక్షలు పెట్టేది. పోయిన క్రిస్మస్‌కి ఇంటి ముందు కట్టిన స్టార్ ఫొటో, కింద ఒక బైబిల్ వాక్యం పెట్టి అందరికీ శుభాకాంక్షలు చెప్పింది. దానికి మా పెద్ద పెదనాన్న ‘ఇది మన కుటుంబం గ్రూపు. మన పండుగలే పెట్టండి’ అని రాశారు. ఎవరూ మాట్లాడలేదు. తమ్ముడూ మాట్లాడలేదు. అమెరికాలో ఉన్న బాబాయి కొడుకు ‘హ్యాపీ హాలిడేస్ టు ఆల్’ అని పెట్టి ఊరుకున్నాడు. డిసెంబరు 31 రాత్రి పెదనాన్న ‘మన కొత్త సంవత్సరం ఉగాది’ అన్న ఫార్వర్డ్ పెట్టారు. తెల్లారేసరికి మరదలు గ్రూపులోంచి వెళ్లిపోయింది. సంక్రాంతికి డ్యూటీ ఉందని రాలేదు. మళ్లీ డిసెంబరు దగ్గరకొస్తోంది. ‘తనని మళ్లీ యాడ్ చెయ్యక్కా, అదే సర్దుకుంటుంది’ అంటాడు తమ్ముడు. అసలు పండుగ మెసేజ్‌లే వద్దని రూల్ పెట్టమంటుంది చెల్లెలు. అందరికీ కలిపి ‘సీజన్స్ గ్రీటింగ్స్’ అంటే గొడవే ఉండదంటాడు బాబాయి కొడుకు. నాన్న పోయాక మమ్మల్ని చదివించింది పెదనాన్నే. ఆయనకి ఎదురు చెప్పలేను. తమ్ముడి బాబుకి పేరు పెట్టేటప్పుడు కూడా చిన్న గొడవయింది. ఏం చెయ్యమంటారు?
– ఒక అక్క, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పెదనాన్నగారి మాట కంటే ‘ఎవరూ మాట్లాడలేదు’ అన్న మాటే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. పెద్దాయన కటువుగా ఒక మాటంటే కోడళ్లు సర్దుకుపోతారు. పెద్దవాళ్ల నోరు అలాగే ఉంటుందని మన ఇళ్లలో పెరిగిన ఏ అమ్మాయికైనా తెలుసు. కానీ పండుగ రోజు, ఇంటినిండా చుట్టాలు ఉండగా, మీ మరదలు వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఫోన్ తీసి చూసుకుని ఉంటుంది. ఒక్కసారి కాదు, సాయంత్రం దాకా. తను పెట్టిన మెసేజ్‌ను ఎవరెవరు చదివారో వాట్సాప్ పేర్లతో సహా చూపిస్తుంది. ఆ పేర్లలో మీదీ ఉంది, కట్టుకున్నవాడిదీ ఉంది.

ఇక డిసెంబరు 31 సంగతి. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చాలామందికి ఆ రాత్రి దాదాపు క్రిస్మస్ అంత ముఖ్యం. వాచ్ నైట్ సర్వీస్ అని చర్చికి వెళ్తారు. పాత ఏడాదికి కృతజ్ఞత చెప్పుకుని, పన్నెండు గంటలకి ప్రార్థనతో కొత్త ఏడాదిలో అడుగుపెడతారు. చాలా సంఘాల్లో ఆ ఏడాదికి వాగ్దాన వాక్యం అని ఒక కార్డు ఇస్తారు. దాన్ని తెచ్చి బీరువా తలుపుకో, పూజగదిలో పటం పెట్టుకున్నట్టు గోడకో పెట్టుకుంటారు. మీ మరదలు కూడా ఆ రాత్రి చర్చికి వెళ్లి ఉంటే, ఇంటికొచ్చి ఫోన్ తెరవగానే కనబడింది పెదనాన్నగారి ఫార్వర్డ్. ఆయనకి ఇదంతా తెలిసి ఉండదు. జనవరి 1 మనది కాదన్న మాట ఆయన సొంతంగా పుట్టించిందీ కాదు. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో హిందూ ధర్మ పరిరక్షణ ట్రస్టు గుళ్లలో న్యూ ఇయర్ వేడుకలు, అలంకరణలు చెయ్యొద్దని సర్క్యులర్ కూడా ఇచ్చింది. అయినా జనవరి 1న గుళ్ల ముందు క్యూలు తగ్గలేదు. మీ వీధిలో ఆ తెల్లవారుజామున ఎన్ని వాకిళ్లలో ‘హ్యాపీ న్యూ ఇయర్’ అని రంగుల ముగ్గులు వేసి ఉంటాయో మీకే తెలుసు. వాటిలో పెదనాన్నగారి వాకిలి కూడా ఉందేమో, పెద్దమ్మగారిని అడిగితే తెలుస్తుంది.

మీకు వచ్చిన మూడు సలహాల్లో చెల్లెలిది నాకు అస్సలు నచ్చలేదు. పండుగ మెసేజ్‌లు మొత్తం ఆపేస్తే ఆ రూల్ ఎందుకొచ్చిందో అందరికీ తెలుస్తుంది. ‘ఆ అమ్మాయి వల్ల గ్రూపులో సంక్రాంతి శుభాకాంక్షలు కూడా చెప్పుకోలేకపోతున్నాం’ అనే మాట వారంలో పుడుతుంది. తప్పు చేయని మనిషి మీద రెండో నింద అది.

బాబాయి కొడుకు మంచి ఉద్దేశంతోనే చెప్పాడు. అతనుండే చోట ఆ పద్ధతికి అర్థముంది. అమెరికాలో డిసెంబరులో షాపులో బిల్లు వేసే అమ్మాయికి ఎదురుగా ఉన్నది క్రైస్తవులో, యూదులో, మనలాంటి వాళ్లో తెలియదు. యూదుల హనుకా ఎనిమిది రోజుల పండుగ. వాళ్ల పంచాంగం ప్రకారం జరుగుతుంది కాబట్టి మన దీపావళిలాగే ఏటా తేదీ మారుతుంది. 2024లో సరిగ్గా డిసెంబరు 25 సాయంత్రం మొదలైంది. 2021లో అయితే డిసెంబరు 6కే అయిపోయింది. ఆ ఏడాది క్రిస్మస్ రోజున ఎవరికైనా హనుకా శుభాకాంక్షలు చెప్పి ఉంటే పండుగ వెళ్లిపోయి దాదాపు మూడు వారాలని నవ్వుకునేవాళ్లు. నల్లజాతి అమెరికన్ల క్వాంజా 1966లో మొదలైంది, అది డిసెంబరు 26 నుంచి జనవరి 1 దాకా. ఇన్ని ఉన్నప్పుడు ముక్కూమొహం తెలియని మనిషికి ‘హ్యాపీ హాలిడేస్’ అనడం మర్యాదే. కానీ మీ గ్రూపులో ఎవరు ఎవరో మీకు తెలుసు. డిసెంబరు 25 ఎవరి పండుగో తెలుసు. పేరు పెట్టి చెప్పడానికి తెలిసిన మనిషి ఉన్నప్పుడు సీజన్‌కి శుభాకాంక్షలు చెప్పడం తప్పించుకోవడమే అవుతుంది. మీ మరదలికీ అలాగే అనిపిస్తుంది. పైగా పెదనాన్నగారికి కూడా ‘సీజన్స్ గ్రీటింగ్స్’ నచ్చదు, నేను రాసిస్తాను.

తమ్ముడి మాట సంగతి. అడ్మిన్ చేతిలో బటన్ ఉంది కదా అని అడగకుండా ఆమెను మళ్లీ గ్రూపులో చేర్చకండి. అలిగి వెళ్లిన మనిషిని చెయ్యి పట్టి లాక్కొచ్చి పీట మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. ముందు ఫోన్ చెయ్యండి. వీలైతే హైదరాబాద్ వెళ్లి రండి. ‘పోయినేడు నేను కూడా నోరు మూసుకున్నాను, అది తప్పే’ అని చెప్పండి. అంతే చాలు. ‘పెదనాన్న సంగతి తెలుసు కదమ్మా, మనసులో ఏం ఉండదు’ అని మాత్రం అనకండి. ఆ ముక్క ఆమె ఈపాటికి మీ తమ్ముడి నోట చాలాసార్లు వినే ఉంటుంది.

వాళ్ల చర్చిలో డిసెంబరు రెండో వారంలోనో, మూడో వారంలోనో సెమీ క్రిస్మస్ జరుగుతుంది. పిల్లల పాటలు, చిన్న నాటిక, కేక్, ఒక్కోచోట భోజనాలు. బయటివాళ్లను కూడా పిలుస్తారు. మీకు అభ్యంతరం లేకపోతే ఆ రోజుకి వెళ్లండి. అభ్యంతరం ఉంటే వెళ్లకండి, 25న మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్లినా చాలు. వాళ్లింట్లో కూడా ఆ రోజుకి అరిసెలు, కజ్జికాయలు, గులాబీ పువ్వులు చేస్తుండొచ్చు. కొత్త బియ్యం, కొత్త బెల్లం వచ్చే రోజులు రెండిళ్లకూ ఒకటే కదా. మీరు ఇంటి నుంచి ఏమైనా పట్టుకెళ్తే మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి. దేవుడికి నైవేద్యం పెట్టినది కొందరు క్రైస్తవులు తినరు, వాళ్ల నమ్మకం అది. విడిగా తీసిపెట్టి ‘ఇది ప్రసాదం కాదు, ఉత్త పిండివంట’ అని ముందే చెప్పి ఇవ్వండి. ఆమె అడగడానికి మొహమాటపడక్కర్లేకుండా పోతుంది.

అసలు బాధ్యత మీ తమ్ముడిది. మీరు పెదనాన్నగారి గురించి పేజీ నిండా రాశారు కానీ అతని గురించి ఒక్క ముక్కే రాశారు. భార్య పెట్టిన మెసేజ్ కింద మొదటి మాట అతనిదై ఉండాల్సింది. వాదన అక్కర్లేదు, ఎదిరింపు అక్కర్లేదు. ఈసారి 25న పొద్దున్నే ఆ మెసేజ్ అతనే తన ఫోన్ నుంచి పెట్టాలి. ‘మా ఇంట్లో ఈ రోజు క్రిస్మస్. మీ అందరి ఆశీస్సులు కావాలి’ అని, బాబు ఫొటోతో. పెదనాన్నల దగ్గర ఆశీస్సులు అడిగితే కాదనడం ఎవరికైనా కష్టం. అతను ‘ఇవన్నీ నాకెందుకక్కా’ అంటే మాత్రం మీరు ఎన్ని సర్దినా ఇది సర్దుకోదు. అది అతనికి ఇప్పుడే సూటిగా చెప్పండి, అక్కగా ఆ చనువు మీకుంది.

పెదనాన్నగారి దగ్గరికి ఒక్కరే వెళ్లండి. గ్రూపులో కాదు, ఫోన్లో కాదు, పది మందిలో అసలే కాదు. నాన్నలేని పిల్లల్ని చదివించిన మనిషి ఆయన. ఆయన్ని దోషిగా నిలబెట్టక్కర్లేదు. అన్ని మతాలూ ఒకటే, అన్ని పండుగలూ ఒకటే అని మాత్రం మొదలుపెట్టకండి. ఆయన ఒప్పుకోరు, ఆయన చెప్పేదాంట్లో కొంత నిజం కూడా ఉంది. పండుగలు ఒకటి కావు. మీ మరదలికీ ఒకటి కావు. మీరు అడగాల్సింది చాలా చిన్నది: ‘పెదనాన్నా, మీరు క్రిస్మస్ చెయ్యొద్దు, శుభాకాంక్షలూ చెప్పొద్దు. కానీ మన ఇంటి పిల్ల తన పండుగని మనతో చెప్పుకుంటే కాదనకండి.’ క్షమాపణ అడగకండి. ఆ తరం మగవాళ్లు గ్రూపులో సారీ రాయరు, రాయించాలని చూస్తే ఉన్నది కూడా చెడుతుంది. మళ్లీ అలాంటి మాట రాయకుండా ఊరుకుంటే చాలు. తనంతట తను మరదలికి ఒక ఫోన్ చేస్తే అది పెద్ద సంగతే, కానీ దాన్ని మీరు అడిగి పుచ్చుకోకూడదు.

‘మన ప్రాంతానికి ఇవన్నీ కొత్త’ అని ఆయనంటే, గుంటూరుకి లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చింది 1842లో అని చెప్పొచ్చు. మీ ఊరి చుట్టుపక్కల క్రిస్మస్ జరుపుకొనే కుటుంబాల్లో కొన్ని ఆరేడు తరాలవి. విజయవాడ గుణదలలో ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే మేరీమాత ఉత్సవానికి వెళ్లి కొబ్బరికాయలు కొట్టి, తలనీలాలు ఇచ్చి వచ్చే హిందువులు ఎంతమందో ఆయనకే తెలుసు. మీ ఇంట్లోనే అలాంటి మొక్కు ఒకటి ఉన్నా నేను ఆశ్చర్యపోను. (ఇంకో సంగతి. మీ మరదలు ప్రొటెస్టెంట్ అయితే క్యాథలిక్కుల గుణదల ఉత్సవం వాళ్లకి కూడా తమ పండుగ కాదు. ఈ తేడాలు అన్ని ఇళ్లలోనూ ఉన్నాయి.)

ఆయన కోపం వెనక క్రిస్మస్ లేదని నా అనుమానం. ఉత్తరం చివర్లో బాబు పేరు గురించి ఒక్క ముక్క రాసి వదిలేశారు. గొడవ మూలం అక్కడుంది. ఈ ఇంటి పేరుతో పెరిగే పిల్లాడు రేపు ఏ పండుగ చేస్తాడు, తన తర్వాత ఈ ఇంట్లో ఎవరు దీపం పెడతారు అన్న భయం పెద్దాయనది. ఆయన రాసిన ప్రతి మెసేజ్‌లో అదే కనిపిస్తోంది. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. తమ్ముడు మతం మారిపోయాడని ఆయన అనుకుంటుంటే నిజం చెప్పండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద వేరు వేరు మతాలవాళ్లు ఎవరి మతంలో వాళ్లుంటూనే పెళ్లి చేసుకోవచ్చు. మీవాళ్ల రిజిస్టర్ పెళ్లి ఆ చట్టం కిందే జరిగిందేమో తమ్ముణ్ణి అడిగి తెలుసుకుని వెళ్లండి. ఇక పిల్లాడి సంగతి ఆ ఇద్దరిదే. దాన్ని మీరు తేల్చలేరు, పెదనాన్నగారూ తేల్చలేరు. కానీ సంక్రాంతికి ఊరొచ్చే పిల్లాడికి ఆ ఇంట్లో ఏం జరుగుతుందో తెలుస్తుంది, రాని పిల్లాడికి తెలియదు. ఈ మాట ఆయనకి అర్థమవుతుంది.

మరదలికి కూడా ఒక మాట చెప్పాల్సి ఉంది, అది మీరు కాకుండా తమ్ముడు చెబితే బాగుంటుంది. శుభాకాంక్ష వేరు, వాక్యం వేరు. కొన్ని వాక్యాలు చదివితే చల్లగా ఉంటాయి, కొన్ని ‘మా దేవుడే దేవుడు’ అన్నట్టు ఉంటాయి. ఆమె పెట్టింది ఏదో మీరు రాయలేదు. రెండో రకమైతే, పెదనాన్నగారి మాటకి అది సాకు ఇచ్చి ఉండొచ్చు. సరే, పొద్దున్నే దేవుడి బొమ్మలతో శుభోదయాలు, ప్రవచనాల వీడియోలు మీ గ్రూపులో ఎన్ని వస్తుంటాయో నేను ఊహించగలను. ఆమె వాటికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు కదా. కాబట్టి ఇది షరతుగా కాదు, సలహాగా చెప్పాలి.

మీరు 25న ఏం రాయాలని అడగలేదు, అయినా చెప్తాను. ‘అందరికీ’ అని మొదలుపెట్టకండి. ఆమె పేరు రాసి, మీ అమ్మానాన్నలకు కూడా మా తరఫున శుభాకాంక్షలు చెప్పమ్మా అని రాయండి. అడ్మిన్ రాస్తే వెనకాల పది మంది రాస్తారు, పోయినేడు గుండె బొమ్మ పెట్టాలని ఉండి ఆగిపోయిన వాళ్లే. ఆమె అప్పటికి గ్రూపులో లేకపోతే విడిగా పంపండి, గ్రూపులోకి ఎప్పుడు రావాలో ఆమె ఇష్టం.

సంక్రాంతికి పిలవడం కూడా ఈ నెలలోనే అయిపోవాలి. రైలు టికెట్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, హైదరాబాద్ నుంచి మీ వైపు వచ్చే బండ్లలో భోగి ముందు రోజులకి బెర్తులు ఎంతసేపు ఉంటాయో మీకు తెలుసు. జనవరి 10న ఫోన్ చేసి రమ్మంటే అది పిలిచినట్టు లెక్క కాదు. తమ్ముడితో కాకుండా ఆమెతోనే మాట్లాడండి, పసివాడితో ప్రయాణం కాబట్టి కింది బెర్తులు దొరికే రోజు చూసి చెప్పమనండి.