ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు: మా బడిలో వారం ఇలా నడుస్తుంది

"మెగా డీఎస్సీలో ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) ఉద్యోగం వచ్చింది. పల్లెటూరి బడి, ఇద్దరే టీచర్లు. ఒకటి నుంచి ఐదు దాకా తరగతులన్నీ వారమంతా ఎలా నడుపుతారు? అక్కడ రోజులు ఎలా ఉంటాయి?" అని అడిగారు. ముందుగా మీకు అభినందనలు. మీ టెన్షన్ నాకు బాగా తెలుసు. నేను 2014 డీఎస్సీ బ్యాచ్. 2016లో కర్నూలు జిల్లా పడమటి వైపు, ఆదోని అవతల ఒక చిన్న ఊరి బడిలో చేరాను. నా అనుభవంలో ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

టైంటేబుల్ రాసి గోడకు అంటించండి, అది ఉండాల్సిందే. కానీ పల్లె బడిలో వారాన్ని నడిపేది అది కాదు. ఏ రోజు ఏ పిల్లలు వస్తారన్నదే నడిపిస్తుంది. ఇది అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా బడిలో అప్పుడు యాభై రెండు మంది. విద్యాహక్కు చట్టం లెక్కలో అరవై మంది దాకా ఇద్దరు టీచర్లే. అందులో ఒకరు హెడ్మాస్టర్. ఆయన మండలం మీటింగుకు వెళితే ఆ రోజు ఐదు తరగతులూ మిగిలినవాళ్లవే. మామూలు రోజుల్లో ఒకటి, రెండు తరగతులు సారువి, మూడు నాలుగు ఐదు నావి. అంటే ఒకే గదిలో మూడు తరగతులు. ఒక తరగతికి చెబుతుంటే రెండు తరగతులు ఏదో ఒకటి రాస్తుండాలి. లేకపోతే ఎవరికీ ఏమీ వినపడదు. మా గదిలో గోడల కింది భాగం చుట్టూరా పిల్లల ఎత్తుకు నల్లరంగు వేయించాం. ఎవరి జాగా వాళ్లది, సుద్దముక్క ఇస్తే కూర్చున్న చోటే రాసుకుంటారు. మీరు వెళ్లే బడిలో అది లేకపోతే మొదటి నెలలోనే వేయించండి. ఖర్చు తక్కువ, మీ గొంతుకు దక్కే విశ్రాంతి ఎక్కువ.

సోమవారం సగం గది ఖాళీగా ఉంటే కంగారు పడకండి. ఆదివారం చుట్టాల ఊరికి పోయినవాళ్లు సోమవారం మధ్యాహ్నానికి గానీ రారు. శ్రావణ మాసంలోనైతే ఉరుకుంద ఈరన్నస్వామి దగ్గరికి ఊరికి ఊరే కదులుతుంది. పీర్ల పండగకూ అంతే, కులం మతం లేకుండా పిల్లలంతా పీర్ల చావిడి దగ్గరే ఉంటారు. మాకు బుధవారం పక్క ఊళ్లో సంత. అమ్మ సంతకు పోతే ఇంట్లో చంటిబిడ్డను చూసుకునే పని బడికొచ్చే పెద్దపిల్లది. ఇలా ఒక్కో పిల్లకు వారంలో ఒకటో రెండో రోజులు పోతాయి. అందరికీ పోయే రోజు ఒకటే కాదు, అసలు చిక్కు అక్కడే ఉంది.

మొదటి ఏడాది నేను ఇదేమీ పట్టించుకోలేదు. ట్రైనింగులో నేర్పినట్టు రోజుకో కొత్త పాఠ్యాంశం ప్లాన్ రాసుకుని, అది పూర్తి చేసి, మర్నాడు ముందుకు పోయేదాన్ని. ముందు వరసలో కూర్చున్న ఎనిమిది మంది చక్కగా జవాబులు చెప్పేవాళ్లు. పాఠం నడుస్తోందని అనుకున్నాను. అప్పుడు నాలుగో తరగతిలో ఒక పిల్లాడు ఉండేవాడు. తెలుగు వాచకం తీసి చదవమంటే వేలు పెట్టి, ఎక్కడా తడబడకుండా చదివేవాడు. మెచ్చుకునేదాన్ని కూడా. ఒక రోజు కిటికీలోంచి గాలి వచ్చి వాడి పుస్తకం పేజీ తిరిగిపోయింది. వాడు ఆగలేదు. వేలు కొత్త పేజీ మీద కదులుతూనే ఉంది, నోరు మాత్రం పాత పాఠమే చెబుతోంది. పక్కవాళ్లు చదువుతుంటే విని మొత్తం పాఠం కంఠస్థం చేశాడు. వాడికి ఒక్క ఒత్తు కూడా రాదు. గుణింతాల్లో సగం రావు. సంవత్సరమంతా నా కళ్ల ముందే కూర్చున్న పిల్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తప్పు వాడిది కాదు, నాది.

అప్పటి నుంచి పద్ధతి మార్చాను. వారానికి ఒక్కటే విషయం. ఆరు రోజులూ అదే, కానీ రోజుకో రూపంలో. సోమవారం రానివాడికి మంగళవారం అందుతుంది, సంతకు పోయినవాళ్లకు గురువారం అందుతుంది. రోజూ వచ్చే పిల్లలకు విసుగు పుట్టకుండా రూపం మారుస్తూ పోవాలి. ఉదాహరణకు ద్విత్వాక్షరాల వారం, అంటే ఒక హల్లుకు అదే హల్లు ఒత్తుగా వచ్చే అక్షరాల వారం, ఎలా నడిచిందో చెబుతాను.

సోమవారం పుస్తకం తెరవలేదు. "మీ ఇంట్లో, మీ చేలో ఉండేవాటి పేర్లు చెప్పండి, పలికేటప్పుడు ఒక చోట గట్టిగా నొక్కి పలకాలి" అన్నాను. ముందు "అమ్మ, అక్క" అన్నారు. తర్వాత మొదలైంది చూడండి. రొట్టె, బుట్ట, ఎద్దు, గొర్రె, పత్తి, జొన్న, సద్ది, గడ్డి, మబ్బు, అవ్వ. బోర్డు నిండిపోయింది. వాళ్ల బతుకంతా ద్విత్వాలే అని నాకు ఆ రోజే తెలిసింది. చివర్లో వెనక వరసలోంచి ఒక పిల్ల లేచి "సుగ్గి" అంది. గదిలో అందరూ ఒక్కసారిగా ఆ పిల్ల వైపు తిరిగారు. సుగ్గి అంటే ఏమిటో కింద చెబుతాను. ఆ మాట కూడా బోర్డు మీద రాశాను.

మంగళవారం అవే మాటలు గోడ మీద చూచిరాత. బుధవారం సంతకు పోగా మిగిలినవాళ్లతో అట్టముక్కల ఆట: సగం మాట ఒక ముక్క మీద, సగం ఇంకో ముక్క మీద. గురువారం డిక్టేషన్. ఐదో తరగతి పిల్లలు మాటలు చెబుతారు, మూడో తరగతివాళ్లు రాస్తారు, దిద్దేది నాలుగో తరగతి. నేను ఆ నలభై నిమిషాలూ అన్నిటికంటే వెనకబడిన ముగ్గురు పిల్లల పక్కన నేల మీద కూర్చుంటాను. మూడు తరగతులకు ఒకే టీచర్ అన్నది కష్టమే, కాదనను. కానీ పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పేటప్పుడు వాళ్లకు సగం మాత్రమే వచ్చింది కూడా పూర్తిగా వస్తుంది. ఇది గదికి ఒకే తరగతి ఉన్న పెద్ద బడుల్లో దొరకదు.

ఇక శుక్రవారం. ఇది మీరు తప్పకుండా చేయండి. ఒక్కో పిల్లకు ఒక చీటీ. చీటీ మీద ఒకే వాక్యం, ఏ పుస్తకంలోనూ లేనిది, ముందు రోజు రాత్రి నేను కూర్చుని రాసినది. కంఠస్థం చేయడానికి వీల్లేనిది. వీలైతే నవ్వు వచ్చేది. "ఎద్దు రొట్టె కాల్చింది." "అవ్వ మబ్బు ఎక్కింది." "గొర్రె గుడ్డు పెట్టింది." పిల్లలు ఒక్కొక్కరే బయట వేపచెట్టు కిందికి వచ్చి నాకు చదివి వినిపించాలి. చదివిన తర్వాత నవ్వితే అర్థమై చదివినట్టు. నవ్వకపోతే అక్షరాలు కూడబలుక్కున్నారే గానీ మాట లోపలికి పోలేదని. ఇంతకంటే నిజం చెప్పే పరీక్ష నాకు ఇంకోటి కనపడలేదు. మార్కులు వేయను. ఎవరు ఎక్కడ ఆగారో ఒక చిన్న నోటుబుక్కులో రాసుకుంటాను, వచ్చే సోమవారం అక్కడి నుంచే మొదలవుతుంది.

లెక్కలకూ ఇదే దారి. తీసివేతలో అప్పు తెచ్చుకోవడం అనే ఒక్క ముక్కకు మాకు రెండు వారాలు పట్టింది, పట్టనివ్వండి. ఇంగ్లీషుకు ఇప్పుడు ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉండే పుస్తకాలు వచ్చాయి కాబట్టి కొంత సులువు.

మధ్యాహ్న భోజనం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వారం ఏ రోజో పిల్లలు గుర్తుపట్టేది దాంతోనే. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు రోజుకు వంద గ్రాముల బియ్యం లెక్క. 2020 జనవరిలో మెనూ మారి రోజుకో రకం వచ్చింది: సోమవారం గుడ్డుకూర, చిక్కీ, మంగళవారం పులిహోర, గురువారం కిచిడీ, శనివారం తియ్య పొంగలి. ఆ తర్వాత పథకం పేరు మారింది, వంటకాల వరస కూడా మారుతూ వచ్చింది. కానీ "రేపు ఏ వారం?" అంటే "పులిహోర మేడమ్" అని జవాబు చెప్పే పిల్లలు మాత్రం అలాగే ఉన్నారు. గుడ్డు తినకుండా జేబులో పెట్టుకునే పిల్లలు కనపడతారు. తిట్టకండి. ఇంట్లో చెల్లెలో తమ్ముడో ఉంటారు. పక్కన కూర్చుని "సగం నువ్వు తిను, సగం తీసుకుపో" అంటే వింటారు. వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర అన్నం తిన్న తర్వాతే ఇవ్వండి. ఖాళీ కడుపుతో మింగితే కడుపులో తిప్పిందని ఏడుస్తారు, మరుసటి వారం ఇంకెవరూ నోరు తెరవరు.

చంటిబిడ్డను చంకనెత్తుకుని వచ్చే ఆడపిల్లల సంగతి. మా బడిలో ఐదో తరగతి పిల్ల ఒకతి పత్తి తీసే రోజుల్లో చెల్లెలిని తీసుకుని వచ్చేది. "చిన్నపిల్లను ఇంట్లో దింపి రా" అని మొదట్లో ఒకసారి పంపించాను. ఇద్దరూ వారం రోజులు రాలేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎవరి దగ్గర దింపుతుంది? తర్వాత నేనే వాళ్లింటికి పోయి పిలుచుకొచ్చాను. ఆ చిన్నదానికి కూడా ఒక పలక, ఒక బలపం ఇచ్చి గోడ వారగా కూర్చోబెట్టాను. దయచేసి మీరు పంపించకండి.

శనివారం నాకు చాలా ఇష్టం. 2019లో మొదటి, మూడో శనివారాలు పుస్తకాల సంచి లేని రోజులన్నారు. మేం అన్ని శనివారాలూ మధ్యాహ్నం నుంచి సంచి పక్కన పెట్టేసేవాళ్లం. దొండాకు, బొగ్గు కలిపి నూరి నల్లబల్లకు పట్టించడం పిల్లలకు పండగ. చేతులు, మొహాలు అన్నీ నలుపే. తర్వాత ఊళ్లోంచి ఎవరో ఒక అవ్వను పిలిచి కథ చెప్పించేవాళ్లం. మాది కర్ణాటక సరిహద్దు, అవ్వలు సగం తెలుగు, సగం కన్నడం కలిపి చెబుతారు. పిల్లలకు రెండూ అర్థమవుతాయి, నాకే కష్టమయ్యేది. అర్థం కాని మాట పిల్లల్ని అడిగేదాన్ని. మేడమ్‌కు కూడా నేర్పవచ్చని తెలిశాక నోరు తెరవని పిల్లలు కూడా నాతో మాట్లాడటం మొదలుపెట్టారు.

ఇప్పుడు సుగ్గి. మా వైపు వర్షం మీద పంట. అది అయిపోయాక ఊళ్లో పని ఉండదు. అమ్మానాన్నలు మూటలు కట్టుకుని గుంటూరు వైపు పత్తికి, మిరపకాయలు కోయడానికి పోతారు. దాన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. దీపావళి దాటితే మొదలవుతుంది. అవ్వాతాతలు ఉన్న పిల్లలు ఇక్కడే ఉంటారు. ఇలాంటి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు, అవి తెరిచే సమయానికి తల్లిదండ్రులతో మీరే మాట్లాడి చేర్పించండి, చాలా మేలు. అయినా కొందరు పిల్లలు తల్లిదండ్రులతోనే పోతారు. యాభై రెండు మందిలో పద్దెనిమిది మంది ఒకే వారంలో పోయిన సంవత్సరం ఉంది. ఆ వారం గదిలో నిలబడి పాఠం చెప్పడం నా వల్ల కాలేదు.

ఆ పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఉంటాయి కదా, నేను రోజూ చదువుతాను. పోయినవాళ్లే కదా అని దాటేయను. పేరు పిలవగానే మిగతా పిల్లలు "సుగ్గికి పోయినాడు మేడమ్" అంటారు. అంతే, తర్వాతి పేరు. నాలుగు నెలలూ అలాగే చదువుతాను. అప్పుడు వాళ్లు ఈ బడి పిల్లలేనని మిగతావాళ్లు మర్చిపోరు. ఫోన్ ఉన్న తల్లిదండ్రులకు శుక్రవారం చీటీ వాట్సాప్‌లో ఫొటో తీసి పంపేదాన్ని. ఎవరు చదివారో, ఎవరు చదవలేదో తెలిసేది కాదు. పంపడం మాత్రం ఆపలేదు.

పేజీ తిరిగినా ఆగకుండా చదివిన పిల్లాడు ఐదో తరగతికి వచ్చిన ఏడాది డిసెంబర్‌లో సుగ్గికి పోయాడు. అప్పటికి వాడికి గుణింతాలు వచ్చాయి, ఒత్తులు ఇంకా సగంలో ఉన్నాయి. ఏప్రిల్‌లో ఒక శుక్రవారం ప్రార్థన మధ్యలో వచ్చి వరస చివర నిలబడ్డాడు. బాగా నల్లబడ్డాడు, పొడుగయ్యాడు. గదిలోకి వచ్చి సంచి విప్పగానే మిరపకాయల ఘాటు, చుట్టుపక్కల నలుగురూ తుమ్మారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద వాడి వంతు వచ్చింది. మొత్తం మర్చిపోయి ఉంటాడని భయపడుతూనే చీటీ ఇచ్చాను. వేలు పెట్టాడు. "గొ... ర్రె" అని ఆగాడు. "గు... డ్డు" అన్నాడు. చీటీ లోంచి తల ఎత్తి నన్ను చూశాడు, మళ్లీ చీటీ చూశాడు. నోరంతా తెరిచి నవ్వాడు.

"గొర్రె గుడ్డు యాడ పెడతాది మేడమ్?"